మూసీ అడిగే ఎత్తు

హైదరాబాద్‌లో అంబర్‌పేటను మూసారంబాగ్‌తో కలిపే పాత వంతెన లోలెవెల్ వంతెన. నది అడుగుకు కాస్త ఎత్తులో స్లాబు, దాని కింద పొట్టి ఖానాలు, పైన రోడ్డు. నీళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లూ దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వెళ్లేవాళ్లకు అదే దగ్గరి దారి. వరద వస్తే మాత్రం ముందు మునిగేది అదే. 2020 అక్టోబరులో, 2022 జులైలో, 2025 సెప్టెంబరులో మూసీ దాని మీదుగా పారింది. నీళ్లు పెరిగిన ప్రతిసారీ రెండు వైపులా బారికేడ్లు పెట్టడం, బండ్లను గోల్నాక, చాదర్‌ఘాట్ వైపు మళ్లించడం ట్రాఫిక్ పోలీసులకు అలవాటైపోయింది. దాని స్థానంలో హైలెవెల్ వంతెన కట్టడానికి 2023లో శంకుస్థాపన జరిగింది.

పాత వంతెన పోయి కొత్తది వచ్చే పని బయటివాళ్లకు సిమెంటు, ఇనుము పనిలా కనిపిస్తుంది. అయితే అసలు పని మొదటి పిల్లరుకు గుంత తవ్వకముందే చాలావరకు అయిపోతుంది. వంతెన ఎంత ఎత్తు ఉండాలి, ఎంత పొడవుండాలి, పిల్లర్ల మధ్య ఎంత ఎడం వదలాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు నది దగ్గరే వెతకాలి. రోడ్డు మీద తిరిగే బండ్ల లెక్క వెడల్పును మాత్రమే తేలుస్తుంది. మూసీ విషయంలో ఈ మాటకు నాలుగు వందల ఏళ్లకు పైబడిన రుజువుంది.

మూసీ మీద నగరంలో నిలిచి ఉన్న వంతెనల్లో పాతది పురానాపూల్. గోల్కొండ నుంచి దక్షిణపు ఒడ్డుకు దారిగా ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో దీన్ని కట్టారు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ నగరమే లేదు. పారిస్‌లో సెన్ నది మీద పోన్ నఫ్ వంతెన పని మొదలైందీ 1578లోనే. పురానాపూల్ తర్వాత రెండున్నర శతాబ్దాలకు, 1831లో, చాదర్‌ఘాట్ దగ్గర మరో వంతెన వచ్చింది. కట్టించిన కల్నల్ ఒలిఫాంట్ పేరుతో దాన్ని పిలిచేవారు. ఆపైన ఐదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో అఫ్జల్‌గంజ్ వంతెన కట్టారు. నయాపూల్ అని జనం ఈనాటికీ పిలిచేది దాన్నే. 19వ శతాబ్దం ముగిసేలోపు ముసల్లంజంగ్ పూల్ కూడా తోడైంది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద ఈ వంతెనలన్నిటినీ పరీక్షించింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. అన్నిటికన్నా పాతదైన పురానాపూల్ మాత్రం గాయాలతో నిలిచింది. నగరంలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆస్పత్రి ప్రాంగణంలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. పోయిన వంతెనల స్థానంలో మళ్లీ కట్టక తప్పలేదు. పాతవి పోయి కొత్తవి రావడం మూసీకి మొదటిసారి ఇంత పెద్ద ఎత్తున అనుభవమైంది అప్పుడే.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో కూలిన గోడలను చూసి ఊరుకోలేదు. నది ఎగువకు వెళ్లారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి ఉందని, ఆ వానకు వాటిలో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులు మామూలు ఏడాదిలో వరదను ఆపి దాచుకుంటాయి, తెగిన రోజున అదే వరదను ఒక్కసారిగా వదిలేస్తాయి. నగరం దగ్గర ఆ రోజు మూసీలో పారిన నీరు సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని, అంటే అన్ని క్యూసెక్కులని, ఆయన అంచనా కట్టారు. లీటర్లలో చెప్పాలంటే సెకనుకు కోటీ ఇరవై లక్షలు. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలన్నది ఆయన సలహా. దాని ఫలితంగానే గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఒడ్డులను చక్కదిద్దే పని చేపట్టింది.

వంతెన కట్టేవాళ్లకు ఈ కథలో ఉన్న పాఠం నేటికీ పనికొస్తుంది. వంతెన దగ్గర నిలబడి నీళ్లను కొలిస్తే సరిపోదు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. మూసారంబాగ్ దగ్గరికి వచ్చేవి జంట జలాశయాల గేట్లు ఎత్తితే దిగే నీళ్లు మాత్రమే కావు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వాన నీళ్లను మోసే పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. సాగర్ నిండి పొర్లితే ఆ నీళ్లు సర్‌ప్లస్ నాలాలో పడి, దోమలగూడ, నల్లకుంట, గోల్నాక దాటి మూసీలో కలుస్తాయి. తిరుమలగిరి, కార్ఖానా వైపు కుండపోత వాన కురిస్తే నదికి దూరంగా ఉన్న ఆ వీధులు కూడా అంబర్‌పేట దగ్గరి వంతెన మీద భారం వేసినట్టే. పైగా ఒకప్పుడు నేల తాగిన వాన ఇప్పుడు కాంక్రీటు మీద జారి గంటల్లో నదిని చేరుతోంది. వాన అంతే కురిసినా వరద పెద్దదవుతుంది, తొందరగా వస్తుంది. అందుకే పాత రికార్డులను మాత్రమే నమ్ముకుని కొత్త వంతెనకు ఎత్తు నిర్ణయించడం ప్రమాదం.

ఇంజనీర్లు సాధారణంగా వందేళ్ల వరదను లెక్కలోకి తీసుకుంటారు. ఈ మాటను చాలామంది వందేళ్లకు ఒక్కసారే వచ్చే వరదగా అర్థం చేసుకుంటారు. దాని అసలు అర్థం వేరు. ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే. ఆ లెక్కన వందేళ్లు నిలవాల్సిన వంతెనకు తన జీవితకాలంలో ఒక్కసారైనా అలాంటి వరద ఎదురయ్యే అవకాశం నూటికి 63. ముప్పై ఏళ్ల వ్యవధిలోనే అది నూటికి 26. అంటే ఆ వరద వస్తుందన్న నమ్మకంతోనే కట్టాలి.

వరద పరిమాణం తేలాక అది ఎంత మేర పట్టాలో చూస్తారు. లెక్క చిన్నదే: పారే నీటి అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. ఉదాహరణకు సెకనుకు 3,000 ఘనపు మీటర్ల వరద, సెకనుకు 3 మీటర్ల వేగంతో పోవాలంటే 1,000 చదరపు మీటర్ల దారి కావాలి. అంటే 200 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు. ఆ 200 మీటర్లలో రెండేసి మీటర్ల మందంతో పది పిల్లర్లు పెడితే 20 మీటర్లు పిల్లర్లకే పోతాయి. మిగిలిన దారి చాలక నీళ్లు ఎగువన ఎగదన్నుతాయి, ఎప్పుడూ మునగని బస్తీ మునుగుతుంది. పొట్టి ఖానాల లోలెవెల్ వంతెన చేసేది సరిగ్గా ఇదే. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కొట్టుకొచ్చిన కొమ్మలు వచ్చి ఖానాల నోళ్లు మూసేస్తాయి. అప్పుడు అది వంతెన పని మానేసి అడ్డకట్ట పని చేస్తుంది. మూసారంబాగ్ దగ్గర లోలెవెల్ వంతెన పోవాలనడానికి వాహనాల రద్దీ కన్నా ఇది బలమైన కారణం. వంతెన మీద రాకపోకలు ఆగితే జనం చుట్టూ తిరిగి వెళ్లగలరు. ఎగువ బస్తీలో ఇంట్లోకి నీళ్లు వస్తే ఆ కుటుంబానికి చుట్టూ తిరిగే దారి లేదు.

వరద నీటి మట్టానికీ గర్డర్ల అడుగుకూ మధ్య కొంత ఖాళీ వదలాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం సెకనుకు 300 నుంచి 3,000 ఘనపు మీటర్ల దాకా పారే నదికి 1.2 మీటర్లు, అంతకు మించితే 1.5 మీటర్లు. కొట్టుకొచ్చే చెట్టు మొద్దులు గర్డర్లకు తగలకుండా పోవడానికే ఈ ఖాళీ. ఆ ఖాళీ పైన గర్డరు లోతు, ఆపైన స్లాబు, ఆపైన రోడ్డు. అలా పేర్చుకుంటూ పోతే పాత రోడ్డు కన్నా కొత్త రోడ్డు అనేక మీటర్ల ఎత్తుకు వెళుతుంది.

నగరంలో కొత్త చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వంతెన ఎత్తు పెరిగితే రెండు ఒడ్డులా అప్రోచ్ రోడ్డు పొడవు పెరుగుతుంది. బస్సులు, ఆటోలు, సైకిళ్లు సులువుగా ఎక్కాలంటే వాలు 30 మీటర్లకు ఒక మీటరు మించకూడదు. నాలుగు మీటర్లు పైకి లేపితే ఒక్కో వైపు 120 మీటర్ల వాలు కావాలి. పల్లెలో ఆ 120 మీటర్లలో పొలముంటుంది. అంబర్‌పేట, మూసారంబాగ్ లాంటి చోట ఇళ్లు, దుకాణాలు, గుళ్లు, మసీదులు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. వాలు మొదలైన చోట దుకాణం గడప రోడ్డు కన్నా కిందికి పోతుంది, పక్క గల్లీ నోరు మూసుకుపోతుంది. వాలు పక్కన సర్వీసు రోడ్డు ఇవ్వకపోతే ఆ దుకాణానికి గిరాకీ ఉండదు. వాలును కుదించాలంటే వంతెన ఎత్తు తగ్గించాలి, ఎత్తు తగ్గిస్తే నది ఒప్పుకోదు. వంతెన డిజైను గీసేవాళ్లకు ఎక్కువ నిద్ర లేకుండా చేసేది ఈ రెంటి మధ్య రాజీయే. సన్నని గర్డర్లు వాడి ఒక అడుగు ఎత్తు మిగుల్చుకున్నా రెండు వైపులా కలిపి అరవై అడుగుల అప్రోచ్ తగ్గుతుంది. ఆ అరవై అడుగుల్లో కొన్ని ఇళ్లు నిలుస్తాయి.

భూసేకరణకు 2013 నాటి చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి. నగరంలో దానికి బదులుగా మరోచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కును పత్రంగా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. సొంత ఇల్లున్నవారికి ఏదో ఒకటి దక్కుతుంది. అద్దె దుకాణంలో ఇరవై ఏళ్లుగా టైర్లకు పంక్చర్లు వేసుకునే మనిషి సంగతి కాగితాల్లో చివరి పేజీలోకి జారకుండా చూడటం ప్రణాళిక వేసేవాళ్ల బాధ్యత. పని ఆలస్యమయ్యేది సాధారణంగా నదిలో కాదు, ఈ అప్రోచ్‌ల దగ్గరే. నది మధ్యలో పిల్లర్లు లేచి, రెండు చివర్లూ గాల్లో వేలాడే వంతెనలు తెలుగు నేల మీద చాలామంది చూసినవే.

నేల కింద ఏముందో చూడటం తర్వాతి మెట్టు. నది ఒడ్డు వెంట మురుగు పైపులు, మంచినీటి పైపులు, కేబుళ్లు పోతుంటాయి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. అంతటి కేంద్రానికి మురుగు తెచ్చే పైపులకు గునపం తగిలితే ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. ఇంకా కిందికి వెళితే రాయి. హైదరాబాద్ నిలిచింది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. ప్రతి పిల్లరు చోటా బోరు వేసి రాతి ముక్కలను పైకి తీసి పరీక్షిస్తారు. ఒకచోట రెండు మీటర్లకే గట్టిరాయి తగిలితే ఇరవై అడుగుల అవతల మెత్తబడిన రాయి లోతుగా ఉండొచ్చు. అందుకే ఒకే బోరుతో సరిపెట్టుకోరు. గట్టిరాయి దొరికితే పునాదిని అందులోకి కనీసం 0.6 మీటర్లు, మెత్తరాయి అయితే కనీసం 1.5 మీటర్లు దించుతారు.

ఈ విషయంలో మూసీకి గోదావరితో పోలిక లేదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి అడుగున ఇసుక. వరదలో ఆ ఇసుక కోసుకుపోయి పిల్లరు కాళ్ల దగ్గర గుంతలు పడతాయి, వరద తగ్గాక మళ్లీ నిండుతాయి. పైనుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకే అక్కడ బావిలాంటి పునాదులను ఇసుకలోకి లోతుగా దింపుతారు. 1897లో మొదలై 1900లో పూర్తయిన హేవ్‌లాక్ రైలు వంతెనను ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్ అలాగే నిలబెట్టారు. ఆ వంతెనకు 56 స్పాన్లు. దాని స్థానంలో 1991లో మొదలై 1997లో సిద్ధమైన కాంక్రీటు విల్లు వంతెనకు 28 స్పాన్లు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. స్పాన్ల సంఖ్య సరిగ్గా సగం. పక్కపక్కన రెండు వంతెనలు నిలిచేటప్పుడు కొత్త పిల్లర్లు పాత పిల్లర్ల వరసలో ఉంటే నీళ్లకు అడ్డు పెరగదు. కొత్తది సిద్ధమయ్యేదాకా పాతది రైళ్లను మోస్తూనే ఉంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేకు అది తప్పనిసరి, ఎందుకంటే మద్రాసు–హౌరా లైను రైళ్లను ఏళ్ల తరబడి ఆపడం కుదరదు.

నగరంలోనూ మంచి పద్ధతి అదే: పాతదాని పక్కన కొత్తది కట్టి, రాకపోకలు మార్చి, ఆ తర్వాత పాతదాన్ని తీయాలి. చోటు లేకపోతే సగం వెడల్పు కట్టి, బండ్లను దాని మీదికి మళ్లించి, మిగతా సగం కడతారు. అది నెమ్మదైన పని, ఖర్చూ ఎక్కువే. ఏదీ చేయకుండా పాతది తనంతట తాను పోయేదాకా ఆగితే ఏమవుతుందో 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో మహాడ్ దగ్గర తెలిసింది. సావిత్రి నది మీద ఉన్న బ్రిటిష్ కాలపు వంతెన వరదకు కొట్టుకుపోయింది. బస్సులతో సహా మనుషులు నదిలో కలిసిపోయారు. దాని స్థానంలో కొత్త వంతెన 165 రోజుల్లో కట్టేశారు. డబ్బు, అనుమతులు, యంత్రాలు కలిసొస్తే పని ఎంత తొందరగా అవుతుందో అది చూపించింది. ఆ తొందర ప్రమాదానికి ముందే ఉండాల్సింది.

బరువు లెక్క కూడా పాత రోజుల్లాంటిది కాదు. ఇప్పటి వంతెనలను 70 టన్నుల గొలుసు చక్రాల బండి, లేదా 100 టన్నుల టైర్ల బండి ఎక్కినా తట్టుకునేలా డిజైను చేస్తారు. రెండు వరసల రోడ్డుకు 7.5 మీటర్ల వెడల్పు కావాలి, నాలుగు వరసలకు దానికి రెట్టింపు, పక్కన నడిచేవాళ్ల బాట వేరు. ఆ బాటను చివర్లో ఖర్చు తగ్గించడానికి కోసేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. మూసారంబాగ్ దగ్గర నడిచి నది దాటేవాళ్లు తక్కువేమీ కాదు.

టెండరు పిలిచి పని అప్పగించాక నదిలో దిగే కాలం చిన్నది. వానలు తగ్గిన నవంబరు నుంచి మే దాకా పునాదులు వేసుకోవాలి. ముందు పిల్లరు చోటు చుట్టూ మట్టికట్ట వేసి నీళ్లు తోడతారు. మూసీలో పారేది మురుగు కాబట్టి ఆ నీళ్లలో నిలబడి పనిచేసే కూలీలకు బూట్లు, గ్లవుజులు, స్నానానికి మంచినీళ్లు ఇవ్వడం దయ కాదు, పనిలో భాగం. ఆ నీళ్లలోని లవణాలు, వాయువులు కాంక్రీటును, లోపలి ఇనుప చువ్వలను తొందరగా తింటాయి. అందుకే చువ్వల మీద కాంక్రీటు మందం ఎక్కువ ఉంచుతారు, నీళ్లు చొరబడని గట్టి మిశ్రమం వాడతారు. జూన్ వచ్చేసరికి పునాదులు వరద మట్టం దాటి పైకి రావాలి. సగంలో ఉన్న సెంట్రింగు మీద వరద పడితే ఇనుము, కర్ర, ప్లేట్లు అన్నీ కొట్టుకుపోతాయి.

పిల్లర్లు లేచేలోపు ఒడ్డున మరో పని సాగుతుంది. గర్డర్లను యార్డులో పోతపోసి, లోపల ఉక్కు తీగలను లాగి బిగిస్తారు. ముందే నొక్కిపెట్టిన ఆ కాంక్రీటు బరువు పడినా పగుళ్లు రాకుండా నిలుస్తుంది. పోసిన కాంక్రీటులోంచి తీసిన దిమ్మలను 28వ రోజున పగలగొట్టి బలం చూస్తారు. క్రేన్లతో గర్డర్లను ఎత్తి, పిల్లర్ల తలల మీద రబ్బరు బేరింగుల మీద కూర్చోబెడతారు. ఎండకు వంతెన సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ కదలికను మింగేది ఈ బేరింగులు, స్లాబుల మధ్య జాయింట్లు. ఆపైన స్లాబు, రెయిలింగులు, నీళ్లు దిగే గొట్టాలు.

రోడ్డు వేశాక బరువు పరీక్ష. ఒక స్పాను మీద ఇసుక మూటలో, నింపిన లారీలో నిలిపి 24 గంటలు ఉంచుతారు. స్లాబు ఎంత వంగిందో కొలుస్తారు. బరువు తీశాక మరో 24 గంటల్లో ఆ వంపులో ఉక్కు తీగలు బిగించిన గర్డర్లయితే నూటికి 85 వంతులు, మామూలు కాంక్రీటయితే 75 వంతులు వెనక్కి రావాలి. రాకపోతే వంతెన తెరవకూడదు.

కొత్తదాని మీద బండ్లు తిరగడం మొదలయ్యాక పాత వంతెన కథ మిగిలే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పక్కన ఎంత ఎత్తులో కొత్తది కట్టినా నీళ్లు పాత ఖానాల దగ్గరే ఆగుతాయి, ఎగువన మళ్లీ అదే ఎగదన్నుడు. పాత స్లాబు కోసి, పిల్లర్లను నది అడుగు దాకా తీసి, పగిలిన కాంక్రీటు ముక్కలను ఒడ్డున పోయకుండా బయటికి తరలిస్తేనే మార్పిడి పూర్తయినట్టు. ఆ తర్వాత ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ ఉంటుంది. నీళ్లు దిగే గొట్టాలు మూసుకున్నాయా, బేరింగులు జరిగాయా, పిల్లర్ల మొదట్లో గుర్రపుడెక్క పేరుకుందా, పునాది పక్కన రాయి బయటపడిందా అని చూసి రాసుకుంటారు.